నూట ఇరవై నాలుగు ఎవరిది?

మొన్న బంద్ రోజు నాకు గుండెజబ్బు వచ్చిందని పోలీసు జీపులో దవాఖానకు వెళ్లొచ్చాను. జబ్బేం లేదట. అంతకన్నా పరువు తక్కువ సంగతి ఒకటి బయటపడింది. నవ్వనని మాటిస్తే చెప్తా. సరే, నవ్వండి, మా ఎస్తేరక్క మూడు రోజులనుంచి నవ్వుతూనే ఉంది.

ముందు కిరణ్ గారి సంగతి చెప్పాలి. మా ఆఫీసులో పక్క టీమ్. ఊరు కాకినాడ. కాఫీ మెషీన్‌ని కూడా "కొంచెం ఆగండి" అనే రకం. నాది సిద్దిపేట. నోరు తెరిస్తే ఏంది, గిట్ల, జర జరుగు. తెలంగాణ ఉద్యమం ముదిరాక మా క్యాంటీన్‌లో బల్లలు ఎవరూ చెప్పకుండానే రెండు వైపులైపోయాయి. మా వాళ్లు కిటికీ వైపు, వాళ్లు చేతులు కడుక్కునే వైపు. మధ్యాహ్నం అతని వైపు చూసే ధైర్యం కూడా లేని నేను, పొద్దున ఆరింటికి కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ గోడ పక్కన అతనితో కలిసి పరిగెత్తేదాన్ని. అదెలా కుదిరిందంటే, "నేనూ ఫిట్ అవ్వాలి, ఎట్ల మొదలుపెట్టాలె?" అని లిఫ్ట్‌లో అడిగా. అడగడానికి నాలుగు నెలలు పట్టింది.

"చాలామంది మొదటి రోజే గుర్రంలా పరిగెత్తేస్తారండి. అది తప్పు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూసుకుంటూ వెళ్లాలి. రెండు వందల ఇరవైలోంచి మీ వయసు తీసేయండి."

నాకు ఇరవై ఐదు. నూట తొంభై ఐదు మిగిలింది.

"అందులో అరవై నుంచి డెబ్బై శాతం వరకూ జోన్ టూ. కొన్నాళ్లు అందులోనే ఉండండి. బోరు కొడుతుంది, అయినా ఉండండి. దమ్ము పెరిగేది అక్కడే. గుర్తేంటంటే, పక్కవాళ్లతో హాయిగా మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట రావట్లేదంటే జోన్ దాటేసినట్టే."

ఆ సాయంత్రమే ఆఫీసులో ఒకాయన దగ్గర పాత వాచీ సంపాదించా. దానికో పట్టీ. రొమ్ము కింద కట్టుకుంటే అది గుండె చప్పుడు పట్టి చేతి వాచీకి పంపుతుంది. వాడే విధానం ఉన్న పుస్తకం పోయిందన్నాడాయన. పర్లేదన్నా. నేను టెస్టింగ్ నేర్చుకున్నదే ఏ కోచింగూ లేకుండా, నెట్ సెంటర్‌లో కూర్చుని. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి బతికే మనిషిని, ముష్టి పట్టీ కట్టుకోవడం రాదా! టీషర్ట్ మీద కట్టుకుని, పైన జాకెట్ వేసుకుని వెళ్లా.

ఇక చూడండి. మొదటి రోజే వాచీలో నూట ఇరవై నాలుగు. నిండు జోన్ టూ! పక్కన కిరణ్ గారు, అతనికీ అలాంటి వాచీ, పట్టీ.

"మీకెంతండి?"

నేను చెయ్యి చూపించా.

"అరె, నాకూ నూట ఇరవై నాలుగే! భలే కలిసిందండి."

జాతకాలు కలవడం విన్నాం. ఇక్కడ గుండెలే కలిశాయి! ఆ రోజు నా టెస్టింగ్‌లో తప్పులేవీ దొరకలేదు. నేను వెతికితే కదా.

ఒక్క చిక్కు. అతను మాట్లాడుతుంటే నాకు మాట వచ్చేది కాదు. కాకినాడ సముద్రం గురించీ, వాళ్ల చెల్లి చదువు గురించీ అతను చెప్తుంటే నేను "ఊఁ" కూడా అనలేక తలూపేదాన్ని. నోరెండిపోయేది. కళ్లు తిరిగేవి. వాచీ మాత్రం నూట ఇరవై నాలుగు, మహా అయితే నూట ముప్పై. అంటే ఆయాసం కాదు. మరి మాట ఎందుకు రాదు? ఇంకేముంది, ప్రేమ! సైన్స్ ప్రకారమే ప్రేమ!

ఇంకో వింత. అతను రాని రోజున వాచీలో సున్నా. నేనెంత పరిగెత్తినా సున్నా. హాస్టల్‌కొచ్చి ఎస్తేరక్కతో చెప్పా. ఎస్తేరక్క నా రూమ్మేట్, ఖమ్మం, కొండాపూర్‌లో ఒక దవాఖానలో నర్సు.

"అక్కా, అతను పక్కన లేకుంటే నా గుండె కొట్టుకుంటలేదు."

"అయితే పాడె కట్టిస్తా ఆగు. బ్యాటరీ మార్పించవే పిచ్చిమొహమా."

బ్యాటరీ మార్పించా. మళ్లీ సున్నా. నాకు లోపల సంతోషమే.

ఆరు వారాలు గడిచాయి. అందులో ఒక పొద్దున గురించి తప్పక చెప్పాలి. గోడ మలుపు తిరుగుతుంటే అతను ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా. నాలుగడుగులు అలాగే నడిచాం. వాచీలో నూట అరవై ఒకటి. నా గుండె అంత ఎగిరిందా అని నాకే సిగ్గేసింది. డైరీలో ఆ అంకె రాసి చుట్టూ గీత గీసుకున్నా.

తర్వాత వారమే తెలిసింది, అతని టీమ్‌ని పుణె మార్చేస్తున్నారని. ఇక్కడ రోజూ ఏదో ఒక బంద్, పని ఆగిపోతోందని క్లయింట్ గోల. శనివారమే ప్రయాణం. ఆ బంద్‌లకు మద్దతుగా ఆఫీసు గేటు ముందు నిలబడి జై కొట్టినదాన్ని నేనే. ఇప్పుడైనా కొడతాను, అందులో తేడా లేదు. కానీ ఆ రోజు గొంతు లేవలేదు.

గురువారం మళ్లీ బంద్. బుధవారం అతని మెసేజ్: "రేపు రోడ్లు ఖాళీ. చివరి రన్. వస్తారా?"

చెప్పేద్దామనుకున్నా. మాట రాకపోతే డైరీ తెరిచి ఆ అంకె చూపిద్దామనుకున్నా.

పొద్దున లేచి చూస్తే నా పట్టీ తడిగా ఉంది. కంపు కొడుతోందని ఎస్తేరక్క ఉతికి ఆరేసిందట. నాదేమో కొత్త టీషర్ట్, లేత పసుపు. తడి పట్టీ దాని మీద కడితే మరక పడుతుందని లోపల, ఒంటికే కట్టుకున్నా.

హాస్టల్ గేటు దాటానో లేదో వాచీలో నూట తొమ్మిది. అతను పక్కన లేడు! నాలుగు అడుగులు పరిగెత్తా. నూట యాభై. కొత్తగూడ చౌరస్తా కనిపించేసరికి నూట ఎనభై ఆరు! జోన్ దాటితే కూసేలా ఆ వారమే నేనే పెట్టుకున్నా, అది టీక్ టీక్ టీక్ అని ఒకటే కూత. అదే రోడ్డు, అదే వేగం, నిన్నటిదాకా నూట ఇరవై నాలుగు! ఒక్క పూటలో ఇంత పాడైందా నా గుండె? డివైడర్ మీద కూలబడ్డా.

ఎదురుగా బంద్ బందోబస్తు. పెద్దాయన, కానిస్టేబుల్, లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా ఆ సప్పుడు? ఏం వెట్టుకున్నవ్ లోపల?"

"గుండె సార్."

"గుండె గిట్ల మోగుతదా? నాకు తెల్వదా?"

"నూట ఎనభై ఆరున్నది సార్. పోయేటట్టున్న."

అప్పటికే కిరణ్ గారు అటువైపునుంచి పరిగెత్తుకొచ్చారు. ఆటోలు లేవు, బస్సులు లేవు. పెద్దాయన ఫికర్ పడి, జీపెక్కించి, నేరుగా ఎస్తేరక్క దవాఖానకే తెచ్చాడు. దారంతా నా వాచీయే హారన్.

ఈసీజీ తీశారు. డాక్టర్ గారు కాగితం చూసి, నన్ను చూసి, "గుర్రంలా ఉందమ్మా, ఇంటికెళ్లు" అన్నారు.

ఎస్తేరక్క పట్టీ చేతికిచ్చింది. "ఇదెప్పుడూ షర్టు మీద కదా కడతావు, ఇయ్యాళ లోపల కట్టినవేందే?"

కిరణ్ గారు నుదురు కొట్టుకున్నారు. "షర్టు మీదా? స్వప్న గారూ, అది ఒంటికి, తడిగా తగిలితేనే పని చేస్తుందండి. పాత మోడల్ కదా, దాని పట్టీ పలక్కపోతే ఆ వాచీ పక్కవాళ్ల పట్టీది అందుకుంటుంది."

"పక్కవాళ్లంటే?"

"అంటే... నాదండి. ఆరు వారాలూ మీరు చూసింది నా గుండె."

ఎస్తేరక్క ఈసీజీ మెషీన్ పట్టుకుని నవ్వుతోంది. నా బుర్ర మాత్రం ఒక్క అంకె దగ్గరే ఆగింది. నూట అరవై ఒకటి! అది నాది కాదు, అతనిది! నా మణికట్టు పట్టుకున్నప్పుడు అతని గుండె! ఒక్క క్షణం, చెప్తున్నా కదా, ఆ ఎమర్జెన్సీ వార్డు నాకు స్వర్గంలా కనిపించింది.

"మరి ఆ రోజు... మలుపులో... నా చెయ్యి పట్టుకున్నరు కదా. నూట అరవై ఒకటి ఉండె."

"అయ్యో, మీకు తెలిసిపోయిందా!" అతని ముఖం ఎర్రబడింది. "ఎవరికీ చెప్పకండి. గోడ పక్కన నల్ల కుక్క లేచి మొరిగింది చూడండీ, నాకు కుక్కలంటే చచ్చేంత భయం."

తిరుగు దారి నడిచే వచ్చాం. నిజానికి నా జోన్ టూ ఇంకా నడకలోనే ఉందట, పరుగులోకి రానే లేదట. రోడ్డంతా ఖాళీ, షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. పట్టీ మళ్లీ కట్టుకున్నా, ఈసారి సరిగ్గా. నూట నలభై.

"ఇంకొంచెం నెమ్మదిగా అండి."

నెమ్మదించా. నూట నలభై రెండు.

"నడకకే ఇంతెందుకుందండీ?"

"ఎండ" అన్నా. ఏడున్నరకు ఎండేంటో అతనూ అడగలేదు. హాస్టల్ దాకా అది దిగలేదు. నా గుండె నిజం చెప్పిన మొదటి రోజు అదే. వాచీ అతని కళ్లముందే ఉంది. అతను స్పీడ్ ఎక్కువైందనుకున్నాడు.

చెప్పలేదు. నిన్న వెళ్లిపోయాడు. పుణెలో వాతావరణం పరుగుకు బావుంటుందట.

ఆరు వారాలు ఒక మనిషి గుండె నా చేతికి కట్టుకుని తిరిగాను. పక్కన నేనున్నా అది నూట ముప్పై దాటలేదు. ఈ పొద్దున బొటానికల్ గార్డెన్ మలుపు దాకా నడిచి, ఆ నల్ల కుక్కకు ఒక బిస్కెట్ ప్యాకెట్ వేసి వచ్చా. నలభై రోజులు నా వల్ల కానిది అది ఒక్క మొరుగుతో చేసింది మరి!