వరండాలో పెట్టిన గ్యాస్ హీటర్

ఆ సాయంత్రం సూదిలో దారం ఎక్కించలేకపోయాను. కళ్లద్దాలు తుడుచుకున్నాను, లైటు దగ్గరికి జరిగాను. సూది బెజ్జం కనిపిస్తూనే ఉంది, చెయ్యే అటు పోవడం లేదు. కణతల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు నొప్పి. క్రిస్మస్ దగ్గర పడింది. కేజీఎఫ్‌లో మా వీధివాళ్ల కొత్త బట్టలు చాలావరకు నా మిషను మీదే తయారవుతాయి. పని ఎక్కువై అలసిపోయానని అనుకున్నాను.

నేను కుట్టేది ఇంటి ముందు వరండాలో. చలిగాలి కొట్టకుండా మా ఆయన సామ్యేలు చుట్టూ మందమైన ప్లాస్టిక్ షీట్లు కట్టారు. షామియానాలు అద్దెకిచ్చే మా తమ్ముడు ఆ ఏడు ఒక గ్యాస్ హీటర్ తెచ్చి పెట్టాడు. కింద సిలిండరు, పైన రేకు గొడుగు, ఫంక్షన్లకు ఆరుబయట పెట్టే రకం. "ఇంటి లోపల పెట్టొద్దక్కా. వరండా అయితే బయటే కదా" అన్నాడు. మాకూ అది బయటే అనిపించింది.

తలనొప్పి రోజూ వచ్చేది. ఒకరోజు వాంతి కూడా అయింది. లేసులు, గుండీలు కొనడానికి రాబర్ట్‌సన్‌పేట బజారుకు వెళితే మాత్రం తల తేలికయ్యేది. తిరిగొచ్చి మిషను ముందు కూర్చుంటే మళ్లీ మొదలు. క్లినిక్‌కు వెళ్లాను. బీపీ చూశారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ బాగానే ఉందన్నారు. మైగ్రేన్ మాత్రలతో ఇంటికొచ్చాను.

తర్వాత జరిగింది మా ఆయన చెబితేనే నాకు తెలుసు. ఆయన పని నుంచి వచ్చేసరికి నేను మిషను మీద తల వాల్చి ఉన్నానట. నిద్రపోయాననుకున్నారు. పిలిస్తే పలకలేదు. ఎత్తుకుని గేటు బయటికి తెచ్చి, వీధిలో ఆటోను ఆపారు. ఊళ్లోని ఆసుపత్రి నుంచి అంబులెన్స్‌లో కోలారుకు పంపారు.

క్యాజువాలిటీలో ఉన్న డాక్టరమ్మ ఆయన్ను ముందు అడిగింది, ఇంట్లో పొయ్యిగానీ కుంపటిగానీ పెడతారా అని. ఆయన హీటర్ సంగతి చెప్పారు.

"యాడ పెట్టినారు?"

"వరండాలో మేడం."

"చుట్టూ మూసుండాదా?"

"ప్లాస్టిక్ షీట్లు కట్టినాము."

"అయితే అది రూమే అప్పా" అందామె.

రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్ ఎక్కువగా ఉందని తేలింది. కార్బన్ మోనాక్సైడ్ పాయిజనింగ్, అంటే గాలి ఆడని చోట మంట నుంచి వచ్చే విషవాయువు రక్తంలో చేరడం. ఆ గ్యాసుకు వాసన లేదు, కంటికి కనబడదు. వేలి క్లిప్పు దాన్ని ఆక్సిజన్ అనుకుని మంచి అంకె చూపిస్తుందట. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. క్రిస్మస్ వార్డులోనే గడిచింది. తెలివొచ్చింది, తిన్నాను, నడిచాను, ఇంటికి పంపారు. అయిపోయిందనుకున్నాం.

కొన్ని వారాలకు ఒక గౌనుకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను. విప్పి మళ్లీ అలాగే కుట్టాను. వంటింట్లోకి ఎందుకు వచ్చానో తెలియక నిలబడిపోయేదాన్ని. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడక మారింది. పక్క తడిసేది, తడిసిందన్న సిగ్గు కూడా కలిగేది కాదు. ఏడుపూ రాలేదు, ఊరికే కూర్చునేదాన్ని.

మళ్లీ కోలారుకు తీసుకెళితే ఎంఆర్ఐ తీశారు. అదే డాక్టరమ్మ ఫిల్ము చూసి, "డిలేడ్ ఎఫెక్ట్ అంటారమ్మా. కొంతమందికి బాగయినాక ఇట్లా వస్తాది. మెల్లగా తగ్గుతాది. ఎంత తగ్గుతాదో నేను చెప్పలేను" అంది.

ఆమె అబద్ధం చెప్పనందుకు ఆ తర్వాత చాలాసార్లు మనసులో మొక్కుకున్నాను. ఆ రోజు మాత్రం నాకేమీ అనిపించలేదు.

ఇక రోజూ ఒకటే. ఫిజియోథెరపీ, మాత్రలు, స్నానం. మా ఆయన నాకు తల దువ్వి జడ వేయడం నేర్చుకున్నారు. వంకరగా వచ్చేది. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, నాకు కాస్త తెలివి తేటపడ్డాక, "మీకు బరువైపోయినాను" అన్నాను.

"బరువే" అన్నారాయన. "అయితే ఏమిప్పుడు? పొద్దన్నించి ఇద్దరమూ అలిసిపోయినాము. ఇంగ పండుకో."

కాదని అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆ మాటకు, అన్ని నెలల తర్వాత మొదటిసారి, ఏడుపు వచ్చింది. ఆయన భయపడి నీళ్లు తెచ్చారు. నాకేమో ఏడవగలిగినందుకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు నా పనులు నేనే చేసుకుంటున్నాను. చీరలకు ఫాల్స్ కుడతాను, అంచులు మడిచి కుడతాను. బ్లౌజు కత్తిరించడం మాత్రం ఇంకా చేతకావడం లేదు. సుద్దతో గీస్తూ మధ్యలో లెక్క మరిచిపోతాను. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఒళ్లు వాలిపోతుంది. ఇది కూడా రోజుకు కొంచెంగా రాశాను. తమ్ముడు ఇప్పుడు హీటర్ అద్దెకిచ్చే ప్రతిచోటా తానే వెళ్లి నిలబెడుతున్నాడు. షామియానా చుట్టూ గుడ్డలు దించి మూస్తే దాన్ని వెనక్కి తెచ్చేస్తున్నాడు.

నేను చెప్పగలిగింది ఒకటే. ఆ హీటర్ గాలి ఆడే ఆరుబయటే వెలిగించండి. షీటు కడితే వరండా కూడా గదే. ఎక్కడ ఏ మంట వెలిగించినా సరే, బయటికి వెళితే తగ్గి ఇంటికి రాగానే మొదలయ్యే తలనొప్పి ఉంటే మాత్ర వేసుకుని కూర్చోకండి. అందరూ బయటికి వచ్చేయండి. ఆసుపత్రిలో మొదటి మాటగా ఇంట్లో ఏం వెలిగిస్తున్నారో చెప్పండి. నన్ను క్లినిక్‌లో ఎవరూ అడగలేదు. చెప్పాలని నాకూ తెలియలేదు.