మార్తమ్మ ఆదివారం

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి పక్క సందులోకి తిరిగితే ఇప్పటికీ ఏదో ఒక హాస్టల్ వంటగదిలో వేగుతున్న ఉల్లిపాయల వాసన, దాంతోపాటే జిరాక్స్ షాపుల్లో వేడెక్కిన కాగితాల వాసన ముక్కుకు తగులుతాయి. అవి తగలగానే నాకు మా హాస్టల్ హాలూ, అందులో ఆదివారం మధ్యాహ్నం వేసే హాస్య సినిమాలూ గుర్తొస్తాయి. ఆ హాల్లో జరిగిన ఒక సంగతిని మా ఇంట్లో ఇన్నేళ్లుగా నవ్వుకుంటూ చెప్పుకుంటున్నాం. చెప్పుకుంటున్న తీరు తప్పు. అందరికంటే రక్తి కట్టించి చెప్పినవాణ్ని నేనే కాబట్టి సరిదిద్దాల్సిందీ నేనే.

మాది తెనాలి. నాకు ఊహ తెలిసేసరికే నాన్న అమీర్‌పేటలో మూడంతస్తుల మేడ అద్దెకు తీసుకుని మగపిల్లల హాస్టల్ పెట్టాడు. కంప్యూటర్ కోర్సుల కోసం భీమవరం నుంచీ ఒంగోలు నుంచీ కుర్రాళ్లు సంచులతో దిగుతుండేవాళ్లు. వానాకాలమంతా మెట్ల మీద ఆరని ప్యాంట్ల కంపు, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ దగ్గర బకెట్ల గోల, పండగలు వెళ్లాక ఊళ్ల నుంచి వచ్చిన డబ్బాల్లో నెయ్యి వాసనొచ్చే సున్నుండలు, చేతికి అంటుకునే పాకం గవ్వలు. చిరిగిన సాక్సులన్నీ కలిపి బంతిలా చుట్టి, మేడ మీద వాళ్లతో పాటు నేనూ క్రికెట్ ఆడేవాణ్ని. చదువుకు మాత్రం వాళ్లు నాకు ఆదర్శమని అమ్మ అనేది.

ఆదివారం వచ్చిందంటే చికెన్, చికెన్ తర్వాత సినిమా. అమీర్‌పేటలో ఆదివారం చికెన్ పెట్టని హాస్టల్లో ఎవరూ చేరరు. నాన్న పంజాగుట్టలో ఒక షాపు నుంచి సీడీ అద్దెకు తెచ్చేవాడు, ఎప్పుడూ కామెడీయే. ఉద్యోగం లేని కుర్రాడు కోటీశ్వరుడిలా నటించడం, మేనేజరు కంటపడకుండా గుమాస్తా బల్ల కింద దూరడం, వంటవాడి నెత్తిన యజమాని గరిటెతో మొట్టడం. ఉద్యోగం లేక బాధపడే కుర్రాళ్లే తెర మీది నిరుద్యోగిని చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లు కుర్చీల్లో, నేను నేల మీద, వంట చేసే మార్తమ్మ వంటగది గుమ్మంలో. ఆమె మాతో కలిసి నవ్వడం తక్కువ. వంటవాడికి మొట్టికాయ పడితే మేం నవ్వేవాళ్లం. యజమాని తన వంటింట్లోనే ఉప్పు డబ్బా వెతుక్కుంటుంటే ఆమె ఒక్కతే, కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వేది.

మార్తమ్మ బోరబండ నుంచి మొదటి బస్సుకు వచ్చేది. నేను చెప్పబోయే సంగతి జరిగిన ఏడు, ఉగాదినాడు, పచ్చడికి మామిడికాయ తరుగుతూ అమ్మను అడిగింది, ఆదివారం పొద్దున చర్చికి వెళ్లాలి, ఆ ఒక్కపూట సెలవు కావాలని. "చూద్దాంలే మార్తమ్మా" అంది అమ్మ. నేను పక్కనే వేపపువ్వు ఏరుతున్నాను. ఈ ముక్క గుర్తుంచుకోండి. మా ఇంటి కథలో ఇది ఉండదు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం నాన్న తెచ్చిన సినిమాలో బంగళాలోని పనివాళ్లంతా సమ్మె కడతారు. వంటవాడు గరిటె ఎత్తి "ఇవాళ పొయ్యి వెలగదు" అంటాడు, బొజ్జ యజమాని పిండిలో పడి దొర్లుతాడు. హాలు దద్దరిల్లింది. మర్నాడు అందరూ టిఫిన్ తింటుండగా మార్తమ్మ గుమ్మంలో నిలబడింది. చేతిలో ఇడ్లీ గరిటె అలాగే ఉంది.

"అమ్మా, గీ ఆదివారం సంది పొద్దటిపూట నేను రాను. ప్రార్థనకు పోవాలె."

"అరే, సినిమా మళ్లీ మొదలైంది రోయ్!" అన్నాడొక కుర్రాడు. ప్లేట్లు చప్పుడు చేస్తూ అంతా ఈలలు వేశారు. నేను తువ్వాలు తలకు చుట్టి, గరిటె పట్టుకుని ఆమె మాటను ఆమె యాసలోనే అప్పజెప్పాను. అమ్మ కూడా నవ్వింది. మార్తమ్మ కదల్లేదు.

"నవ్వుండ్రి. నవ్వుడైనంక ఇనుండ్రి" అంది.

ఎవరూ వినలేదు. వారమంతా ఆమె టిఫిన్ వేళకు అదే చోట నిలబడి అదే మాట చెప్పింది, వారమంతా నేను తువ్వాలు చుట్టాను. శనివారం సాయంత్రం మసాలా నూరి, వెల్లుల్లి ఒలిచి, గిన్నెల మీద మూతలు పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో సర్దింది. "అమ్మకు చెప్పు బిడ్డా, అంత తయారు చేసి పెట్టిన. జర మంట తక్కువ పెట్టుకోమను" అంది నాతో. నేను ఆ మాటను కూడా హాల్లో యాసతో సహా నటించి చూపించాను. అమ్మకు మాత్రం చెప్పలేదు.

ఆదివారం ఆమె రాలేదు. అమ్మ కొత్తగా మసాలా నూరుకుంటూ ఏడ్చినంత పని చేసింది, నాన్న ఉల్లిపాయలు తరిగి నిజంగానే ఏడ్చాడు, గుండిగలో అన్నం అడుగంటి మేడంతా పొగ నిండింది. కుర్రాళ్లు హోటళ్లకు పోయారు. సోమవారం మార్తమ్మ మామూలు వేళకే వచ్చింది.

"చెప్పాపెట్టకుండా మానేస్తావా?" అంది అమ్మ.

"చెప్పిన గదమ్మా. రోజు చెప్పిన. మీరు రోజు నవ్విండ్రు." ఫ్రిజ్ తెరిచి కింది అర చూపించింది. "కడమ దినాలు ఎప్పటిలెక్కనే వస్త. ఆదివారం పొద్దుగాల రాను. ఉంచుకుంటరో, తీసేస్తరో మీ ఇష్టం."

అమ్మ ఆ గిన్నెలను ఒక్కొక్కటే బయటికి తీసి మూతలు తెరిచి చూసింది. ఆ వారం నుంచి మా హాస్టల్లో చికెన్ బుధవారానికి మారింది. అమీర్‌పేట మొత్తంలో బుధవారం చికెన్ పెట్టిన హాస్టల్ బహుశా మాదొక్కటే. కొత్తగా చేరినవాళ్లు ఎందుకని అడిగితే, సినిమా చూసి మా వంటమనిషి సమ్మె కట్టిందనీ, అమ్మ జాలిపడి సెలవిచ్చిందనీ చెప్పేవాళ్లం. ఆమె గెలుచుకున్నదాన్ని మేం ఇచ్చిన దానంగా మార్చేశాం. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో తువ్వాలు తెచ్చి "ఒరేయ్, మార్తమ్మ వెయ్యరా" అనేవాళ్లు. నేను వేసేవాణ్ని.

ఆ మేడ ఇప్పుడు లేదు. ఆ చోట సెల్‌ఫోన్ల షోరూం ఉంది. పంజాగుట్టలో సీడీలు అద్దెకిచ్చే షాపు లేదు, ఒక్క టీవీ ముందు అంతమంది కూర్చుని ఒకేసారి నవ్వడమూ లేదు. మార్తమ్మ చనిపోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత చెల్లెలి గృహప్రవేశంలో మళ్లీ తువ్వాలు తెచ్చారు. నేను దాన్ని పక్కన పెట్టి, ఇక్కడ రాసినదంతా, ఉగాదినాటి మాటతో సహా, నా గొంతుతోనే చెప్పాను. కొందరు ఎక్కడ నవ్వాలో తెలియక ఎదురుచూశారు. మా బాబాయి "చాల్లేరా, శుభమా అని!" అన్నాడు. నేను ఆపలేదు.

అంతా అయ్యాక, మూలన కుర్చీలో కూర్చున్న అమ్మ నన్ను దగ్గరకు పిలిచింది.

"మొదటిసారి అడిగింది ఉగాదికి కాదురా. అంతకుముందు క్రిస్మస్‌కే చర్చికి పోవాలని సెలవడిగింది. ఆ రోజు అబ్బాయిలు పలావు కావాలన్నారని నేనే రమ్మన్నాను. వచ్చి, వండిపెట్టి వెళ్లింది."