లాభం, రెండు, మూడు

నాకు లెక్కలు రావని మొదట కనిపెట్టింది మా అయ్యవారు. ఆరో తరగతిలో నన్ను నిలబెట్టి, వీడు తన చేతివేళ్ళు లెక్కపెట్టుకున్నా ఒకటి తక్కువొస్తాదని మా నాయనతో చెప్పినాడు. మా నాయన కోప్పడలేదు. మరుసటి రోజే బడి మాన్పించి, కల్లాల్లో వడ్లు కొలిచే తన పనికి వెంటబెట్టుకుపోయినాడు. అట్లాంటి నాకు ఇన్నేళ్ళకు ఆస్పత్రిలో లెక్కపెట్టే పని పడింది.

కాన్పుల వార్డులో అటెండర్ని నేను. స్ట్రెచర్ తోస్తా, సిలిండర్లు మారుస్తా. నవ్వించే పని కూడా నాదే, అది మాత్రం ఎవరూ చెప్పకుండానే చేస్తా. పుట్టిన బిడ్డ ఊపిరి తీయకపోతే సిస్టర్ నన్ను, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ పక్కకు పిలుస్తాది. ఒక చేత్తో బిడ్డ ముక్కూ నోరూ మూసేలా చిన్న మాస్కు ఆనించి, ఇంకో చేత్తో రబ్బరు బ్యాగు ఒత్తుతాది. ఒత్తినప్పుడల్లా గాలి లోపలికి పోయి బిడ్డ రొమ్ము లేవాల. ఆమె కండ్లు ఆ రొమ్ము మీదే ఉండాల కాబట్టి తాళం నేను వేయాల. "ఒత్తు, రెండు, మూడు. ఒత్తు, రెండు, మూడు." ఒత్తు అంటే ఒత్తేది, రెండు మూడు అనేలోపు వదిలేది. మళ్ళీ మొదటికొచ్చేది.

బళ్ళారి కంటోన్మెంట్ పక్కన ఒక హాల్లో ఈ పని రబ్బరు బొమ్మ మీద నేర్పించినారు. కుర్చీలు మోయడానికి పోయి నేనూ నేర్చుకున్నా. ఒత్తేవాళ్ళకు తాము అలిసిపోయిన సంగతి తెలీదు, చేయి మారాలని పక్కనున్నోళ్ళు చెప్పాల అని అక్కడ పదేపదే చెప్పినారు. అందరం తలలూపినాము. బొమ్మకు ఎంతసేపైనా ఒత్తొచ్చు. దానికి తలుపు బయట అవ్వ నిలబడి ఉండదు గదా.

ఆ పొద్దు అవ్వ ఉండాది. హచ్చొళ్ళి నుంచి మనవరాలిని కాన్పుకు తీసుకొచ్చింది. వడ్లు పండించే ఇంటి మనిషి. నడుం వంగినా నోరు వంగలేదు.

ఎండాకాలం మధ్యాహ్నం. పొద్దున్నుంచి కాన్పు వెనక కాన్పు. డాక్టరమ్మ ముందురోజు వచ్చి ఇంకా ఇంటికి పోనేలేదు, ఆమె బదులు రావాల్సినామె సెలవులో ఉండాది. సిస్టర్ తెచ్చుకున్న జొన్నరొట్టెల డబ్బా మూత తీయకుండా కిటికీలో ఎండుతాండాది. నేనే రెండు జోకులు ఎత్తుకొని మధ్యలో వదిలేసినా. చివర ఏముందో గుర్తుకు రాలేదు.

మగబిడ్డ పుట్టినాడు. ఏడవలేదు. సిస్టర్ తుడిచింది, వీపు రుద్దింది, పాదాలు తట్టింది. తడి గుడ్డ మాదిరి పడి ఉండాడు. తల్లికేమో రక్తం ఆగడం లేదు, డాక్టరమ్మ అక్కడి నుంచి చేయి తీసే పరిస్థితి లేదు.

"రా అప్పా," అనింది సిస్టర్.

మొదలుపెట్టినా. ఒత్తు, రెండు, మూడు. బిడ్డ రొమ్ము లేస్తాండాది, దిగుతాండాది. సిస్టర్ మధ్యలో స్టెతస్కోపు ఆనించి విని, గుండె ఉండాది గాని నిదానంగా ఉండాది అనింది. మళ్ళీ ఒత్తింది. ఆమె మోచెయ్యి వణకడం చూసినా. చేయి మారాలనే మాట మా వార్డులో ఎవరూ ఎత్తరు. చేయి నొస్తాందని చెబితే బిడ్డ మీద ఆశ వదులుకున్నట్టని ఆమెకూ అనుమానమే, నాకూ అనుమానమే.

"ఎట్లుండాది?" అని డాక్టరమ్మ అటు తిరిగే అడిగింది.

"బాగుండాది మేడం," అనింది సిస్టర్. బిడ్డ గురించి చెప్పిందో తన చేతి గురించి చెప్పిందో నేను అడగలేదు. నా గొంతు ఎండిపోయింది. నీళ్ళు తాగొస్తానని నేనూ అనలేదు.

అలిసిపోయిన నాలుక పాత దారి పట్టిందేమో. కల్లంలో కొలిచేటప్పుడు ఒకటి అని మొదలుపెట్టరు, మొదటి శేరుకు లాభం అంటారు. శేరు నింపి గోనెలో పోసేదాకా ఆ మాటనే లాగి లాగి పాడతారు. నా నోట్లో ఒత్తు పోయి లాభం వచ్చింది. "లాభం లాభం లాభమూ, రెండూ, మూడూ." ఎప్పటి నుంచి అట్లా అంటాన్నానో నాకే తెలీదు. సిస్టర్ చేయి నా పాట వెంటే పోతాండాది. నేను లాగితే బ్యాగూ లాగుతాండాది. మాస్కు ఒక పక్క లేచి, గాలి బిడ్డ చెంప మీదుగా బయటికి పోతాండాది.

సిస్టర్ ఉన్నట్టుండి నా మొహం చూసింది.

"ఏందప్పా, వడ్లు కొలుస్తాండావా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె తన చేతిని చూసుకుంది, తర్వాత మాస్కును. మా వార్డులో నేను ఎప్పుడూ వినని మాట అప్పుడనింది. "మేడం, నాకు సాకాయ్తు, అలిసిపోయినా. చేయి రావడం లేదు. మీరు పట్టండి."

తల్లికి రక్తం అప్పుడే తగ్గుముఖం పట్టింది. డాక్టరమ్మ గ్లౌజులు మార్చుకొని వచ్చి బిడ్డ తల సరిచేసి, మాస్కు గట్టిగా ఆనించింది. సిస్టర్ నా పక్కకు జరిగి, "నువ్వు నోరు మూసుకో, లెక్క నేను పెడతా," అనింది. ఆస్పత్రిలో నన్ను నోరు మూసుకోమన్నప్పుడు హాయిగా అనిపించింది అదొక్కసారే.

రొమ్ము మళ్ళీ లేచింది. కొంతసేపటికి పెదాల నీలం తగ్గింది. తడి చెప్పు గచ్చు మీద ఈడ్చినట్టు ఒక చప్పుడు. ఆ వెనకే ఏడుపు, చిన్నదే, కోపంగా.

సిస్టర్ కొళాయి కింద చేయి పెట్టి నిలబడిపోయింది. కొళాయి కట్టడానికి ఆమె వేళ్ళు ముడుచుకోవడం లేదు. నేను పోయి కట్టినా.

బయట అవ్వ గోడకానుకొని ఉండాది.

"బతికినాడా?"

"బతికినాడవ్వా. ఏడుస్తాండాడు. బళ్ళారికి తీసుకుపోయి, పిల్లల వార్డులో పెట్టి చూసుకోవాలంట."

ఆమె అక్కడే గచ్చు మీద కూలబడింది. కొంగుతో మొహమంతా తుడుచుకొని, కొంతసేపు ఊపిరి తీసుకొని, తలెత్తింది.

"లోపల వడ్లు కొలిచినోడు యాడ?"

"నేనే. ఆరో తరగతితో బడి మానేసినోన్ని అవ్వా. నా లెక్క అంతే."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అంతసేపు తలుపుకు చెవి పెట్టి విన్నా. లాభం, రెండు, మూడు, మళ్ళీ లాభం. మూడు దాటలేనోన్ని ఆరో తరగతి దాకా ఎట్ల రానిచ్చినారప్పా?"