అప్పీలులో రెండో పేరా

యుద్ధకాలంలో మా బాబాయి బర్మా సరిహద్దున మిలటరీ లారీ నడిపాడు. అక్కడి వానల్లో న్యుమోనియా వచ్చి ఐదు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. మా ఊరు పెనుగంచిప్రోలు తిరిగి వచ్చాక, ఇంటి నుంచి మునేరు ఏటి దాకా నడవాలంటే మూడుచోట్ల కూర్చునేవాడు. పిన్ని ఒక్కతే కూలికి వెళ్ళేది. పింఛను వస్తేనే కూతురు మిషను బడిలో కొనసాగుతుంది, లేకపోతే అదీ పొలానికి పోవాల్సిందే.

పింఛను దరఖాస్తును ఒకసారి కొట్టేశారు. జబ్బు సైన్యంలో పట్టుకున్నదేనని రుజువు లేదన్నారు. అప్పీలుకు గడువిచ్చారు.

అప్పుడే నేను మద్రాసులో రోడ్లు, వంతెనలు కట్టించే ఓవర్సీరు చదువు ముగించి వచ్చాను. ఇంగ్లీషు రాయగలనని ఆ పని నాకప్పగించారు. ముందుగా పట్టిక వేసుకున్నాను: చేరిన తేదీ, పనిచేసిన చోట్లు, ఆస్పత్రి చీటీ, జగ్గయ్యపేట డాక్టరు సర్టిఫికెట్టు. చేరకముందు ఆరోగ్యం అనే గడి ఒక్కటి ఖాళీగా ఉంది.

"చిన్నప్పుడు దగ్గేమైనా ఉండేదా బాబాయ్?"

"మిరప కళ్ళాల్లో పెరిగినోణ్ణిరా. దగ్గకుండా కాయలు ఎత్తినోణ్ణి ఎక్కడన్నా చూసావా?"

పిన్ని పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. "ఆ దగ్గు వినేగా మా నాయన, పిల్లోడు పనిమంతుడని సంబంధం ఖాయం చేసింది."

ముగ్గురం నవ్వుకున్నాం. ఏటా మిరపకాయల రోజుల్లో దగ్గు ఉండేదని రెండో పేరాలో రాశాను. కళ్ళం ఎత్తేస్తే ఆ దగ్గూ పోతుందని రాయాలని తోచలేదు. మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతి అది.

నందిగామలో టైపు చేసిన వకీలు గుమస్తా కాగితాలు చేత్తో తూచి చూశాడు. "అప్పీలాండీ ఇది, వంతెన ఎస్టిమేటా?"

"ఏదీ వదలకూడదు కదండీ" అన్నాను.

వానలు వెళ్ళాక జవాబు వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు సైన్యంలో చేరక ముందు నుంచే ఉన్నట్టు అప్పీలుదారు స్వయంగా ఒప్పుకున్నాడు, ఇదే తుది నిర్ణయం అని ఉంది. తెలుగులో చదివి చెప్పాను.

"స్వయంగా అంటే, నేనేనా?" అన్నాడు బాబాయి.

"నేను రాసాను బాబాయ్."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వు రాసింది అబద్ధం కాదులే."

మర్నాడే కళ్ళం సంగతంతా విడమరిచి కొత్త అర్జీ రాసుకుని నందిగామ వెళ్ళాను. గుమస్తా దాన్ని చదవలేదు. "తుది అన్నాక ఇక పంపడానికి చోటు లేదండీ. మీ దగ్గరే ఉంచుకోండి."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. సోమవారం పొద్దున పిన్ని తనకూ కూతురికీ కలిపి ఒకే గిన్నెలో చద్దన్నం కట్టుకుంది. తల్లి వెనకాల ఆ పిల్ల చేనుగట్టు దాకా వెళ్ళడం బాబాయి అరుగు మీద కూర్చుని చూశాడు. నేను లోపలే ఉండిపోయాను.