కరుణ వందనాలు చెప్పిన మధ్యాహ్నం

దయ్యాలు ఉన్నాయా అయ్యగారూ అని అడిగిన వాళ్లందరికీ నేను లేవనే చెప్పాను. మాటవరసకి చెప్పింది కాదు, నమ్మి చెప్పింది. చనిపోయినవాళ్లు తిరిగొచ్చి మన గుమ్మాల్లో నిలబడరని మా బాప్టిస్టు సంఘాల్లో బోధిస్తాం. ముప్పై ఏళ్లకు పైగా నేనూ అదే బోధించాను.

కోనసీమలో నేను పనిచేసిన సంఘాలన్నీ చిన్నవే. రాజోలు వైపు కొన్నేళ్లు, కొత్తపేట దగ్గర కొన్నేళ్లు, ఇప్పుడు కాట్రేనికోన దాటాక సముద్రం వైపున్న ఒక పేటలో. కాలవల్లో నడుము లోతు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చాను. పెళ్లిళ్లు చేశాను. అంతకంటే ఎక్కువగా భూస్థాపనలు చేశాను. మొదటి సంఘంలో మాకు ఇచ్చిన ఇల్లు సమాధుల పక్కనే ఉండేది. నేనూ నా భార్యా అక్కడ చాలాకాలం కాపురం చేశాం. ఒక్కనాడూ ఏమీ కనబడలేదు. ఏదో పట్టిందని ఆడపిల్లల్ని తీసుకొస్తే ప్రార్థన చేసి, అమలాపురంలో డాక్టరుకి చూపించమని పంపేవాణ్ణి. చాలామందికి ఉన్నది రక్తం లేకపోవడం. కొందరికి ఇంట్లో చెప్పుకోలేని బాధ.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను.

మా సంఘంలో సువార్తమ్మ అని ఒకావిడ ఉంది. భర్త పోయి చాలా కాలమైంది. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో వాటిని ఏరే పనికి వెళ్తుంది. ఒక్కతే కూతురు, కరుణ. కరుణకి బాప్తిస్మం ఇచ్చింది నేనే. ఆ పిల్లకి నీళ్లంటే భయం. కాలవలో దిగాక నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తొందరగా లేపెయ్యమని నన్ను బతిమాలింది.

పెద్దయ్యాక కరుణ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. మా పేట నుంచి చాలామంది ఆడవాళ్లు అలాగే వెళ్లారు. ఆదివారం ఆరాధన అయ్యాక సువార్తమ్మ ఫోన్ తెచ్చి నా చేతికిచ్చేది. కరుణ వందనాలు చెప్పేది. అమ్మ కోసం ప్రార్థన చెయ్యమనేది. తన కోసం ఎప్పుడూ ఏమీ అడగలేదు. చివరి రోజుల్లో ఆ ఫోన్లు తగ్గిపోయాయి. ఆ ఇంటివాళ్లు ఫోన్ లాక్కుంటున్నారని సువార్తమ్మ నా భార్యతో చెప్పుకుందట.

నేను చెప్పబోయేది జరిగింది ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం. ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసే రోజది. సువార్తమ్మ ఇంటి ముందు బండి ఆపేసరికి, ఇంటి పక్కన బోరింగు దగ్గర కరుణ నిలబడి ఉంది.

నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, సంతోషం వేసింది. సెలవు మీద వచ్చిందనుకున్నాను. మోకాళ్ల కిందికి ఉన్న నీలం గౌను వేసుకుంది. కాళ్లకు చెప్పులు లేవు. తల పూర్తిగా తడిసి ఉంది. జడ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. స్నానం చేసి వచ్చిందనుకున్నాను.

"వందనాలండి అయ్యగారు," అంది.

"ఎప్పుడొచ్చేవమ్మా?" అన్నాను.

"ఇప్పుడేనండి. అమ్మ లేదండి ఇంట్లో. పోనీలెండి, మీరైనా వచ్చేరు."

ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే. కాస్త అలసటగా ఉంది, అంతే. ప్రార్థన చెయ్యమని అడిగింది. నేను అక్కడే ఎండలో నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. ఏం ప్రార్థించానో నాకు మాటకు మాట గుర్తుంది. ఈ బిడ్డను క్షేమంగా ఇంటికి చేర్చినందుకు దేవునికి స్తోత్రం చెల్లించాను. చివర కరుణ ఆమేన్ అనడం విన్నాను. కళ్లు తెరిచేసరికి అక్కడ లేదు. లోపలికి వెళ్లి ఉంటుందనుకుని, వెళ్లొస్తానమ్మా అని కేకేసి బండెక్కాను.

తలుపుకి తాళం ఉందో లేదో నేను చూడలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. చూసి ఉంటే బాగుండేది.

దారిలో చెరువుగట్టు మీద పరదా పట్టా పందిరి కింద ఆడవాళ్లు రొయ్యలు ఏరుతున్నారు. సువార్తమ్మ వాళ్లలో ఉంది. బండి ఆపి, కూతురు వస్తే నువ్వు ఇంకా పనిలోనే ఉన్నావేమిటమ్మా అని నవ్వాను. తల ఆరబెట్టుకోకుండా ఎండలో నిలబడింది, జలుబు చేస్తుంది, వెళ్లి చెప్పు అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. ఎవరి గురించండీ అని అడిగింది. కరుణ అన్నాను.

"కరుణ రాలేదండి అయ్యగారు," అంది. చేతిలోని రొయ్యలు అలాగే పట్టుకుని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

బండి మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాను. తలుపుకి తాళం వేసి ఉంది. తాళంచెవి సువార్తమ్మ బొడ్లోనే ఉంది. లోపల ఎవరూ లేరు. బోరింగు దగ్గర నేల పొడిగా ఉంది, కానీ ఆ ఎండకి తడి ఆరిపోయి ఉండొచ్చు కూడా. ఎదురింటి దావీదుని పిలిచి అడిగాను. మా సంఘంలో పెద్దమనిషి, అబద్ధమాడే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడట.

"మీరొక్కరే నిలబడి ప్రార్థన చేసుకున్నారండి. ఇంటి కోసం చేస్తున్నారేమో అనుకున్నానండి," అన్నాడు.

మీరు మాట్లాడుతున్నట్టు కూడా అనిపించింది, కానీ అవతల ఎవరూ లేరు అన్నాడు. సువార్తమ్మ కువైట్‌కి ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. పొద్దు వాలేదాకా చేస్తూనే ఉంది. నా భార్య వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. నేను బయట అటూ ఇటూ తిరిగాను. ఎండదెబ్బ తగిలిందేమో, నా బుర్రకి ఏదో అయిందేమో అనుకున్నాను. ఆ ఒక్కసారికి నాకే ఏదైనా జబ్బు ఉంటే బాగుండునని కోరుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి, కరుణని పంపించిన ఏజెంటు ఫోన్ చేశాడు. ఆ రోజు పొద్దున్నే పోయిందని చెప్పాడు. గుండె ఆగిపోయిందట.

కాగితాల పనులన్నీ అయ్యి కరుణ పెట్టె ఊరు చేరేసరికి వానలు మొదలయ్యాయి. పెట్టె తెరవొద్దన్నారు, తెరవలేదు. మా వైపు రెండడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. ఆ రోజు తవ్విన గొయ్యిలో మగవాళ్లు బకెట్లతో తోడుతున్నకొద్దీ నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. అలాంటి భూస్థాపనలు నాకు కొత్త కాదు. పెట్టె దించబోతుంటే సువార్తమ్మ ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్లలో పెట్టకండి అయ్యగారు. దాని తల తడిగా ఉందన్నారు కదండి."

తోడుతున్నవాళ్లు ఆగిపోయారు. ట్రాక్టరుతో ఇసుక తెప్పించి, ఆ గొయ్యి పూడ్చి, దానిమీద ఎత్తుగా దిబ్బ పోసి, అందులో సమాధి చేశాం. చీకటి పడబోతుండగా వాక్యం చదివాను. నా చేతిలో పుస్తకం తడిసి పేజీలు అంటుకుపోయాయి.

కొన్ని నెలల తర్వాత మలికిపురం వైపు నుంచి లక్ష్మి అనే అమ్మాయి సువార్తమ్మని వెతుక్కుంటూ వచ్చింది. కువైట్‌లో కరుణ ఉన్న ఇంటి పక్కింట్లో పనిచేసి తిరిగొచ్చిందట. నేనూ నా భార్యా అప్పుడు అక్కడే ఉన్నాం. గుండె ఆగిపోయిందటగా అని సువార్తమ్మ అంటే, ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"గుండె కాదండి. మేడమీద నీళ్ల ట్యాంకులోంచి తీసేరండి. ఎలా పడిందో ఎవరికీ తెలీదండి. తెలిసినవాళ్లు చెప్పరండి," అంది.

ఆ అమ్మాయికి నేను చూసినది ఎవరూ చెప్పలేదు. తర్వాత విడిగా అడిగి రూఢి చేసుకున్నాను. కరుణ ఆ పొద్దున ఏం వేసుకుందని కూడా అడిగాను. పనివాళ్లందరికీ ఇచ్చే నీలం గౌను అని చెప్పింది.

నాకు వైద్యం చేసే డాక్టరు ఎండ వల్ల అలా అవుతుందన్నారు. కావచ్చు. కానీ ఎండ నాకు తడిసిన జడని ఎందుకు చూపించాలి? నాతో పనిచేసిన ఒక పాస్టరుగారు అది సాతాను మోసం అన్నారు. ఆయన మీద గౌరవం ఉంది, కానీ నేను విన్న గొంతులో మోసం లేదు. చనిపోయినవాళ్లు తిరిగి రారని ఇప్పటికీ మందిరంలో చెబుతున్నాను. ఆ మాట చెప్పేటప్పుడు సువార్తమ్మ కూర్చునే వైపు చూడలేను.

మొన్నామధ్య ప్రార్థనకి వెళ్తే సువార్తమ్మ నన్ను కూర్చోబెట్టి మెల్లిగా అడిగింది. కన్నతల్లిని నేను, చెరువుగట్టు మీద ఇంత దగ్గరలో ఉన్నాను, నాకు కనబడకుండా మీకెందుకు కనబడిందండి అంది.

నాకు తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోనీలెండి. ప్రార్థన చేయించుకునే వెళ్లింది కదండి," అంది.

నేను ఆమేన్ అంటానని నా వైపు చూసింది. ఇన్నేళ్లలో ఎందరి ఇళ్లలోనో, ఎంత దుఃఖంలోనైనా తడుముకోకుండా అన్న మాట అది. ఆ రోజు నా నోట రాలేదు.