ఒంటికాలి రాకాసి

మా తాత కరీం సాబ్‌కు ఒకటే పిచ్చి. బొమ్మలు కొంటాడు, కొన్న బొమ్మను మాత్రం ఇంట్లో ఉంచుకోడు.

అవి అంతరిక్ష వీరుల బొమ్మలు. తలకు గాజు టోపీ, చేతిలో లేజరు తుపాకీ. కంపెనీవాళ్ల కిటుకేమిటంటే, ఒక్కో డబ్బాలో వీరుడితో పాటు ఒక పెద్ద రాకాసి ముక్క కూడా పెడతారు. ఒకదాంట్లో తల, ఒకదాంట్లో చెయ్యి, ఏ ముక్కో డబ్బా గాజుకాగితంలోంచి బయటికే కనబడుతుంది. ఆరు డబ్బాలు కొంటే ఆరు ముక్కలూ బిగించి మూరెడు రాకాసిని నిలబెట్టొచ్చు. తాతకు కావలసింది ఆ ముక్క. వీరులను దారిన పోయేవాళ్లకు పంచేస్తాడు. బస్సు కండక్టరుకొకటి, పాలామెకొకటి. పెళ్లికి పోయినా వీరుణ్ణే చదివిస్తాడు. తాత భార్య, మా జేజి దాదాబీ ఆ పెళ్లిళ్లలో కొంగు కప్పుకొని వెనక వరసలో కూర్చుంటుంది.

ఐదు ముక్కలు దొరికాయి, ఎడమకాలు రాలేదు. మూడేళ్లుగా రాకాసి కుట్టుమిషను మీద చక్కెర డబ్బాకు ఆనుకొని ఒంటికాలిపై ఉన్నాడు. ముప్పై ఏళ్లు జీన్స్ ప్యాంట్లకు కాళ్లు కత్తిరించిన కటింగ్ మాస్టరు మా తాతకు ఒక్క కాలు దొరకలేదని రాయదుర్గమంతా నవ్వింది.

కాలు వెతకడానికి ప్రతి ఆదివారం తాత స్నేహితుడు బయ్యన్న పల్లె నుంచి బస్సులో వస్తాడు. ఆయనకు మిగిలింది వాన లేక ఎండిన శనక్కాయ చేను, పెళ్లాం పోయిన ఇల్లు. ఊరికే రమ్మంటే రాడు. "పని లేకుండా ఒకరింట్లో తినేది నాకు చేతకాదప్పా" అంటాడు. అందుకే తాత పని పెట్టాడు. తన కండ్లు మసకట, బొమ్మలమ్మే వీరేష్ అంగడికొచ్చిన డబ్బాలు బయ్యన్నే చూసి పెట్టాలట. సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కించే మనిషికి మసకేమిటో జేజికి అర్థం కాలేదు. ఇద్దరూ పోయి డబ్బాలన్నీ తిరగేసి, కుడికాలు కనబడితే దాన్ని తిట్టి, ఇంటికొచ్చి కడుపునిండా తింటారు.

మొన్న ఆదివారం బయ్యన్న బయట కాళ్లు కడుక్కుంటుండగా, జేజి దారం కోసం మిషను సొరుగు లాగింది. బొత్తాల అడుగున ఎడమకాలు.

"ఏమయ్యా, ఇదేంది?"

"మెల్లగ. పోయిన రంజాన్‌కే దొరికినాది."

"మరి బిగించకుండా ఏం చేస్తాండావు?"

"రాకాసి నిలబడినాడంటే, బయ్యన్న ఈడికి దేనికొస్తాడే?"

జేజి కాలును మళ్లీ బొత్తాల కిందికి తోసేసింది. ఆ పూట ఇంకో నాలుగు రొట్టెలు ఎక్కువ కాల్చింది.

తిన్నాక, మిగిలిన రొట్టెలు బయ్యన్నకు కట్టిద్దామని ఆయన సంచి విప్పింది. అడుగున మూత తీయని డబ్బా. పైన పామిడి ఊళ్లోని అంగడి ధర చీటీ, లోపల ఎడమకాలు. ఎన్ని ఆదివారాలు బస్సెక్కి దిగిందో, డబ్బా మూలలు అరిగిపోయాయి.

జేజి దాని మీదే రొట్టెలు పెట్టి సంచి మూతి ముడేసింది.

బయట ఇద్దరూ గంభీరంగా కూర్చున్నారు. వీరేష్‌కు బళ్లారి నుంచి కొత్త సరుకు వస్తోందట.

"దాంట్లోనన్నా దొరకతాదంటావా సాబూ?"

"ఎతకల్ల బయ్యన్నా. కాలంటే ఊరికే దొరకతాదా?"

జేజి సంచి అందించింది.

"నిదానంగా ఎతకండప్పా" అంది. "తొందరేముండాది, ఒంటికాలోడు యాడికీ పరిగెత్తిపోడు కదా."