మా పెద్దసారు కుడికన్ను

మొన్న ఢిల్లీ శివారు ఇందిరాపురంలో కళ్ల డాక్టరు దగ్గర యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చున్నానో లేదో, నా కంటి లోపలి పొరలన్నీ పక్కనున్న తెరమీద కనిపించాయి. సూది లేదు, నొప్పి లేదు, ఒట్టి కాంతితో తీసిన బొమ్మ. వయసుతో వచ్చే మార్పులే, భయం లేదన్నాడు డాక్టరు. నేను మాత్రం ఆ పొరల నట్టనడుమ, సూటిగా చూసే చూపుకు ఆధారమైన చిన్న పల్లాన్నే చూస్తూ ఉండిపోయాను. మా పెద్దసారుకు కాలిపోయింది సరిగ్గా ఆ చోటే.

అప్పట్లో ఢిల్లీలో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో నేను కొత్తగా చేరాను. నా పైఅధికారి పెద్దసారుది శ్రీకాకుళం, నాది తెనాలి. ఆ విభాగంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కావడంతో నన్ను ఇంటి పిల్లలా చూసుకునేవారు. కంటికి కనిపించని లేజరు కిరణాన్ని స్ఫటికం గుండా పంపి పచ్చని వెలుగుగా మార్చడం మా పని. స్ఫటికాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ, ఆ పచ్చదనం ఎప్పుడు తొంగిచూస్తుందా అని కనిపెట్టుకుని ఉండాలి. రక్షణ కళ్లద్దాలు లేకపోలేదు. కానీ అవి బరువు, పైగా అంతా మసక, అందుకని నుదుటిమీదికి తోసేసుకోవడం అందరికీ అలవాటు. మీలో ఆ రోజుల్లో ఇలాంటి చోట్ల పనిచేసినవారికి తెలిసే ఉంటుంది.

ఒక వేసవి మధ్యాహ్నం ఆయన అలాగే స్ఫటికం మీదికి వంగారు. దానిమీద నుంచి ఎగిరివచ్చిన కిరణం ఆయన కుడికంట్లో పడింది. నాకేమీ కనిపించలేదు, వినిపించలేదు. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి ఎడమకన్ను చేత్తో మూసుకుని నావైపు చూసి, నెమ్మదిగా అన్నారు.

"నీ మొహం కనపట్లేదమ్మా. చుట్టూ గోడ కనపడుతోంది."

ఆసుపత్రిలో డాక్టరు లైటు వేసి చూసి, మచ్చ పడిందనీ, దానికి మందు లేదనీ చెప్పాడు. ఆటోలో ఆయనను ఇంటికి తీసుకొచ్చాను. ఆయన భార్యకు నేనే చెప్పవలసి వచ్చింది. ఆవిడ ఏడవలేదు, లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది.

తరవాత ఆయనను ఫైళ్లు చూసే విభాగానికి మార్చి, ఆయన బల్ల నాకిచ్చారు. కళ్లద్దాలు తీయకుండా నెలల తరబడి తంటాలు పడ్డాక, ఒకనాడు పచ్చని వెలుగు నిలిచింది. పరుగున వెళ్లి ఆయనను పిలుచుకొచ్చాను. ఆయనా కళ్లద్దాలు పెట్టుకుని, గోడమీది పచ్చని చుక్కను ముందు ఎడమకంటితో చూశారు. తరవాత ఆ కంటికి చెయ్యి అడ్డం పెట్టి, తల అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు వెతికారు.

"ఉందమ్మా," అన్నారు చివరికి. "పక్కగా ఉంది."

మా అమ్మాయి ఇప్పుడు గురుగ్రామ్‌లో గోరంత చిప్పుల లోపల కాంతిని నడిపించే పని చేస్తోంది. అక్కడ పెట్టె మూత తెరిస్తే చాలు, లేజరు దానంతటదే ఆగిపోతుందట. పెద్దసారు కంటి సంగతి చెబితే, అచ్ఛా, అంత రిస్కు ఎందుకు తీసుకున్నారమ్మా అని అడిగింది. పెద్దసారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటి పిల్లలకు ఆ భయం లేదు, ఉండకూడదు కూడా. అయితే ఆ జాగ్రత్తలన్నీ ఎవరి కళ్లు పోయాక వచ్చాయో చెప్పేవాళ్లు కూడా మా తరంతోనే అయిపోతారేమోనని నా దిగులు.